ఎడమ వైపు తక్కువ

సూర్యాపేట,
ఆదివారం, మధ్యాహ్నం.

అమ్మకు ఏసుబాబు రాయునది. ఇక్కడ నేను కులాసా. అక్కడ మిర్యాలగూడలో నువ్వూ చెల్లీ ప్రభువు కృప వలన బాగున్నారని నీ ఉత్తరంలోనే ఉంది కనుక మళ్లీ అడగను. ఆ కృప మాట దగ్గర నీకూ నాకూ ఉన్న తగవు ఎలాగూ ఉంది. బాగున్నారన్నంత వరకు ఒప్పుకుంటున్నాను. భాగ్యా, అమ్మకు చదివి వినిపించేటప్పుడు పోయినసారిలా నీకు నచ్చని చోట్లు దాటేయకు. దాటేయాలనిపించేది ఈసారి చివర్లో ఉంది. అది మాత్రం నిదానంగా చదువు.

తిండి ఎట్లున్నదని అడిగావు. రెండు పూటలా మెస్సులోనే. పప్పు నీళ్లలా ఉందని మెస్సు ఆయనతో గొడవ పెట్టుకున్నాను. ఇప్పుడు నా గిన్నెకు మాత్రం గట్టి పప్పు వస్తోంది. అందరి గిన్నెలకూ రావాలంటే ఇంకోసారి గొడవ పెట్టుకోవాలి. ప్రెస్సులో పెళ్లి కార్డుల రద్దీ. శశిధర్ అన్న బాగానే చూస్తున్నాడు. ఓనరును అన్నా అని పిలవకూడదని ఒక కరపత్రంలో చదివాను గానీ, ఆయన పోయించిన టీ తాగుతూ వేరే పిలుపు నోటికి రావడం లేదు.

మోతెలో మన పాత ఇంటి గోడకు మరక మళ్లీ తేలిందనీ, రేకులు కారుతున్నట్టున్నాయి, మేస్త్రీని పిలిచి మార్పిస్తాననీ రాయించావు. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఉత్తరం పూర్తయ్యేదాకా మేస్త్రీకి మాట ఇవ్వకు.

"ఫోను ఎత్తవు, గీ కాలంల ఉత్తరాలేంది బిడ్డా" అన్నావట. భాగ్య నీ మాటను అచ్చంగా దించింది. ఫోను మనిషిని తొందరపెడుతుందనీ, ఉత్తరంలో ఆలోచన నిలబడుతుందనీ ఇదివరకు రాశాను. అది సగం నిజం. మిగతా సగం కింద వస్తుంది.

ఇక ఇయర్‌ఫోన్లు. "కరపత్రం పంపినవ్ గని, ఏది కొనాల్నో సక్కగ చెప్పలే అన్నా. గీ మిల్లు మోతల క్లాసులు ఎట్ల వినాలె?" అని ఆ మధ్య భాగ్య అడిగింది. న్యాయమైన ప్రశ్న. పనిని మొదటి నుంచీ చెబుతాను.

ధర తక్కువైనంత మాత్రాన మాట కూడా తక్కువ వినాలా అన్న పంతంతో ఏడు రకాలు తెచ్చాను, అన్నీ చవకవే. ఐదు కొత్త బస్టాండు ముందు చాందీ బండి మీద, రెండు బోర్డులున్న షాపుల్లో. చాందీ అంటే తండా నుంచి వచ్చి చార్జర్లూ ఫోను కవర్లూ అమ్ముకునే ఆవిడ. సినిమా పాటలతో పరీక్ష చేస్తే లాభం లేదు. ఆ పాట అసలు ఎలా ఉండాలో మనకేం తెలుసు? అందుకని పోయిన ఎండాకాలం నేను ఫోనులో పట్టుకున్న నీ చప్పుడు వేసుకున్నాను. నువ్వు చాటతో బియ్యం చెరుగుతూ పక్కింటి సుగుణమ్మత్తతో మాట్లాడుతుంటావు చూడు, అది. నాలుగు నిమిషాలు. చాట చెరచెర, నీ గాజులు, వెనకాల మిల్లు, మధ్యలో అత్త దగ్గు. ఎక్కడ ఏది వస్తుందో నాకు కంఠతా వచ్చు.

ఒక సెట్టులో మిల్లు ఉబ్బిపోయి, నువ్వు నీళ్ల గాబులోంచి మాట్లాడుతున్నట్టుంది. ఇంకోదాంట్లో నువ్వు "సుగుణా" అన్నప్పుడల్లా ఆ స కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది. మరోదాంట్లో గాజులు గల్లుమన్నాయి, చాట మాయమైంది. నాకు అర్థమైంది ఇదీ: గట్టిగా మోగడం వేరు, ఉన్నదున్నట్టు వినిపించడం వేరు. బండి దగ్గర వినగానే అదిరిపోయేది గంటసేపు వింటే తలనొప్పి. ఇంకోటి, చివర రబ్బరు బుడిపె చెవికి సరిగ్గా అతకకపోతే మంచి సెట్టు కూడా ఖాళీ డబ్బాలా మోగుతుంది. డబ్బాలో మూడు సైజుల బుడిపెలు ఇచ్చేది అందుకే. చాలామంది మిగతా రెండింటినీ పారేస్తారు.

ఇంతవరకు రాసి ఆపి ఉంటే బాగుండేది. కానీ ఏడింటిలోనూ ఒక లోపం ఒకేలా కనిపించింది. ఎడమ వైపు తక్కువ. ఏడింటికి ఏడూ! ఇది పొరపాటు కాదు, ఏర్పాటు అనుకున్నాను. పేదవాడు కొనే సరుకులో ఒక పక్క తగ్గించినా అడిగేవాడు ఉండడని వాళ్ల ధీమా అనుకున్నాను. "పేదవాడి ఎడమ చెవి" అని పేరు పెట్టి, మిగిలిన కాగితం మీద ఐదు వందల కరపత్రాలు వేశాను. చివర్లో పెద్దక్షరాలతో "కొత్త బస్టాండు చాందీ బండి మీద మోసపు సరుకు కొనకండి" అని రాశాను. షాపుల పేర్లు కూడా ముందు రాశాను. "గాళ్లు మన దగ్గర బిల్లు బుక్కులు కొట్టిచ్చెటోళ్లురా" అని శశిధర్ అన్న ఆ రెండు పేర్లూ కొట్టేశాడు. నేను ఒప్పుకున్నాను. బోర్డు లేని మనిషి పేరొక్కటే మిగిలింది. నీకు పంపిన ప్రతిలో ఈ కొట్టివేత సంగతి లేదు కదా, అందుకని చెబుతున్నాను.

కాలేజీ పిల్లలు కరపత్రం పట్టుకుని బండి మీదికి పోయారు. కొన్నవి తిరిగిచ్చారు, కొందరు విసిరికొట్టారు. వారం తిరగకముందే బండి లేదు. గెలిచాననుకున్నాను. ఆ ఊపులోనే నా లెక్కలో రెండోదిగా నిలిచిన సెట్టును భాగ్యకు పంపాను. "నాకు రెండు దిక్కులు సమంగనే వినబడుతున్నయ్ అన్నా, ఏం జేయాలె?" అని జవాబు వచ్చింది. అలవాటు పడ్డవాళ్లకు అన్యాయం వినిపించదని నోటుబుక్కులో రాసుకున్నాను. భాగ్యా, ఆ పేజీ చింపేశాను.

సరుకంతా కోదాడ హోల్‌సేల్ నుంచి వస్తుందని తెలిసి, వాళ్లనే నిలదీద్దామని మొన్న బుధవారం కాక అంతకు ముందు బుధవారం, మిగిలిన ఆరు సెట్లూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. మునగాల దాటేదాకా ఏమేం అడగాలో వల్లె వేసుకున్నాను. కోదాడలో బస్సు దిగగానే ఎదురుగా చాందీ. మడత మంచం మీద సరుకు పరుచుకుని కూర్చుంది.

"రా తమ్మీ, కాయితాలోడా! గీడ గూడ పంచెతందుకు వచ్చినవా?" అంది.

పక్కన టీ కొట్టాయన తొంగి చూశాడు. "ఎవరమ్మా ఇతను?"

"నా బండి లేపినోడు."

"అబ్బో! చూస్తే టీ గ్లాసు కూడా లేపలేడు గదా!"

నాకు కోపం వచ్చింది. నా కోపం నీకు తెలుసు. బస్టాండు అంతా వినపడేలా, ఏడింటికి ఏడింటిలో ఎడమ తక్కువని, రుజువు డబ్బాలో ఉందని అరిచాను. ఆవిడ అరవలేదు.

"ఏడు సెట్లు, ఏడు కంపెనీలాయె. గంతమంది కూడబలుక్కొని నీ ఎడమ చెవు మీద పగబట్టిన్రా తమ్మీ?"

జనం నవ్వారు. ఆవిడ డబ్బా లాక్కుని ఒక సెట్టు తీసింది. "పెట్టుకో. నీ పాట నువ్వే ఏసుకో. ఏ దిక్కు తక్కువ?"

"ఎడమ."

చెవుల్లోంచి రెండూ పీకి, కుడిది ఎడమలో, ఎడమది కుడిలో పెట్టబోయింది. ఏ వైపుదో దాని మీదే రాసి ఉంటుంది, అలా పెట్టకూడదన్నాను.

"రాసింది నువ్వు సదువుకో. నేను తిప్పుత. ఆఁ, గిప్పుడు ఏ దిక్కు తక్కువ?"

"ఎడమే," అన్నాను.

అన్నాక గానీ నా మాట నాకు అర్థం కాలేదు. తక్కువ మోగాల్సింది ఇప్పుడు కుడి చెవిలో ఉంది. అయినా తగ్గింది ఎడమే. ఆవిడ రెండోది తీసింది, మూడోది తీసింది. మూడోదానికి నవ్వడం మానేసింది. టీ కొట్టాయన కూడా. ఆరూ అయ్యాక డబ్బా మూసి నా చేతికిచ్చింది.

"సరుకుది గాదు తమ్మీ. జర దవాఖానకు పో."

నెల రోజులు పరీక్ష చేసినవాణ్ణి, తిప్పి పెట్టుకుంటే తేలిపోయే పరీక్ష ఒక్కసారీ చేయలేదు. తప్పు ఎదుటివాడిదని ముందే తేల్చుకుంటే మనవైపు తిప్పి చూడాలని తోచదు. ఇది ఏ కరపత్రంలోనూ చదవలేదు.

మర్నాడు ఇక్కడే చెవి డాక్టరుకు చూపించాను. లైటు వేసి చూసి, ఎడమ చెవిలో కర్ణభేరికి చిల్లు ఉందన్నాడు. పాతదేనట. "చిన్నప్పుడు చెవి కారిందా?" అన్నాడు. కారిందన్నాను. "మందు వాడారా?" అన్నాడు. వాడానని చెప్పాను. అది అబద్ధం.

భాగ్యా, ఇక్కడ నిదానంగా.

అమ్మా, మనం మోతెలో ఉండగా, నాకు తొమ్మిదేళ్లప్పుడు నువ్వు మునగాల నాట్లకు చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేదానివి. చెవి మందు రెండు పూటలా వేసుకోమని సీసా నాకు అప్పగించావు. ఆ జిడ్డు మందు చల్లగా దిగితే తల తిరిగేది. రెండు రోజులు వేసుకున్నాను. ఆ తర్వాత మంచం పక్క గోడకు పోశాను. నువ్వు వచ్చి "ఏసుకున్నవా బిడ్డా" అంటే సీసా ఎత్తి చూపించేవాణ్ణి. అయిపోయిందని నువ్వు మళ్లీ తెచ్చావు. అలా మూడు సీసాలు. గోడకు మరక పడితే వాన నీళ్లనుకుని సున్నం వేశావు. జిడ్డు కదా, సున్నం కింద నుంచి తేలుతూనే ఉంది. రెండోసారీ వేశావు. ఇప్పుడు రేకులు మారుస్తానంటున్నావు. మార్చకు. ఆ రేకులకు ఏమీ కాలేదు.

నువ్వు ఇంటి దగ్గర ఉంటే ఇలా అయ్యేది కాదని అనుకుంటావు. వద్దు. నువ్వు చేయాల్సింది చేశావు. ఇందులో కంపెనీ లేదు, దుకాణం లేదు, నువ్వు లేవు. ఎంత వెతికినా నేనొక్కణ్ణే ఉన్నాను.

ఫోను సంగతి కూడా ఇదే. కుడి చేతికి ఎప్పుడూ సిరా ఉంటుందని ఫోను ఎడమ చెవికే పెట్టేవాణ్ణి. నీ మాట మిల్లు మోతలో కొట్టుకుపోతోందనుకుని "జర గట్టిగ మాట్లాడరాదు!" అని రెండు మూడుసార్లు కసిరాను. విసుగొచ్చి ఉత్తరాలు మొదలుపెట్టి, దానికి సిద్ధాంతం తగిలించాను.

తప్పు ఒప్పుకుంటూ ఇంకో కరపత్రం వేస్తానంటే శశిధర్ అన్న మిషను ఆపి నన్ను చూశాడు. "ఇరవై ఏండ్ల సంది అచ్చేస్తున్న. తప్పు నాదే అనే కాయితం ఒక్కటి రాలే. సైజెంత పెట్టాలె?"

"మొదటిదెంతో అంతే."

నా పేరు పెట్టాను. లోపం నా చెవిదని, చాందీ సరుకుది కాదని రాశాను. రెండు సెట్లు షాపుల్లో కొని, వాటి పేర్లు కావాలని దాచానని కూడా రాశాను. అన్న ఆ వాక్యం మీద పెన్ను పెట్టాడు, కొట్టేయకుండానే పెన్ను వెనక్కి తీసుకున్నాడు. కాలేజీ గేటు దగ్గర నేనే పంచాను. నవ్వారు. నవ్వనీ. మిగిలిన కట్ట పట్టుకుని కోదాడ పోయి చాందీకి ఇచ్చాను.

"సదివెటోళ్లు సదువుతరు," అంది. "నా కాడ కొనెటోళ్లు కాయితం సదువరు. నేను మళ్ల సూర్యాపేటకొస్త. నువ్వొచ్చి బండి కాడ నిలబడు."

ఇవాళ రెండో ఆదివారం. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నిలబడి వచ్చి ఇది రాస్తున్నాను. కొనేవాళ్లకు బుడిపెలు మార్చి చూపిస్తాను, రెండు వైపులా తిప్పి పెట్టుకుని వినమంటాను. "గీయనే, మన చెవిటి ఇంజినీరు" అని చాందీ అందరికీ పరిచయం చేస్తుంది. పోయిన గిరాకీలో సగం కూడా తిరిగి రాలేదు. ఎప్పటికి వస్తుందో తెలియదు. వచ్చేదాకా నిలబడతానని మాటిచ్చాను. నేనిచ్చిన కట్టను ఆవిడ దేనికి వాడుతోందో తెలుసా? అమ్మిన ప్రతి సెట్టునూ ఆ కాగితంలోనే చుట్టి ఇస్తోంది. "ఇగ నీ రాత నలుగురికి పనికొచ్చింది తమ్మీ" అంది.

భాగ్యా, అలా చుట్టిన సెట్టే దీంతో పంపుతున్నాను. పరీక్షలో నేను ఐదో నంబరు వేసి పెట్టుకున్న రకం, నా లెక్కలో అన్నిటికంటే కింద నిలిచింది. నంగిగా మోగుతుందని తక్కువ మార్కులు వేశాను. కుడి చెవితో ఒక్కదాంతోనే మళ్లీ విన్నాను. ఇందులో చాట మీద గింజ దొర్లడం తెలుస్తుంది, పాఠం చెప్పేవాళ్ల ప్రతి మాటా తెలుస్తుంది. బుడిపెల్లో నీ చెవికి అతికే చిన్నది పెట్టుకో, మిల్లు మోత తగ్గుతుంది. తిప్పి కూడా విను. అమ్మకూ పెట్టి చూడు. ఎలా ఉందో రాయనక్కర్లేదు. బుధవారం అమ్మ మిల్లు నుంచి వచ్చేసరికి ఫోను చేస్తాను. కుడి చెవికి పెట్టుకుంటాను. గట్టిగా మాట్లాడనక్కర్లేదు.

చిల్లుకు ఆపరేషను చేయొచ్చన్నారు. ముందు చెవి ఆరాలని మందు ఇచ్చారు. రెండు పూటలా వేసుకుంటున్నాను. ఇప్పటికీ తల తిరుగుతుంది. అయిపోయిన సీసా చూపిస్తే నువ్విక నమ్మవని తెలుసు. నా గదికి నాలుగు గోడలు. నాలుగూ పొడిగా ఉన్నాయి. వచ్చి చూసుకో.

ఇట్లు,
నీ కొడుకు,
ఏసుబాబు