డెల్ఫీన్ బూట్ల లేసులు

మే 26, మంగళవారం

చిరంజీవి సొలాంజ్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నీ కూతురూ, నీ పిల్లీ కులాసా. నువ్వూ నీ ఓడలోని వారందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరానికి తేదీ వేయలేదు. నౌకాదళంలో నర్సువయ్యాక కూడా ఆ అలవాటు రాలేదన్నమాట. అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తున్నాను. మంచు పోయి బురద, బురద పోయి నల్ల ఈగలు వచ్చాయి. పైకప్పు కారడం లేదు. శనివారం నాటి చిక్కుళ్లను డెల్ఫీన్ మారు అడిగి తింది. అందులోని పందిమాంసం ముక్కలు మాత్రం ఏరి పిల్లికి పెట్టింది. ఇద్దర్నీ మందలించాను.

ఇక బడి సంగతి. సంతకం పెట్టేశావా అని అడిగావు. మార్చిలో పెట్టలేదు.

ఆ సమావేశం ఏటా ఎలా జరుగుతుందో నీకు తెలుసు. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లం, బల్ల మీద ముందే అచ్చువేసిన ప్రణాళిక. డెల్ఫీన్‌కు ఏం నేర్పాలి, తోడు ఎవరుండాలి, ఏ గదిలో కూర్చోవాలి, అన్నీ అందులోనే. బడి తరఫున ఈ ప్రణాళికలు చూసే క్రాస్బీ గారు నా చేతికి కలం ఇచ్చి గడియారం వైపు చూశారు. ఈసారి పిల్లను మూడో తరగతి నుంచి తీసి, నదికి అవతలి బడిలో ప్రత్యేక గదికి పంపాలని రాశారు. పెట్టిన లక్ష్యం అందుకోలేదట.

"ఏమిటా లక్ష్యం?" అన్నాను.

"బూట్ల లేసులు తనంతట తాను కట్టుకోవడమండీ."

"క్రాస్బీ గారూ, అది ఎప్పటినుంచో తనే కట్టుకుంటోంది. నాకు నడుం వంగదని నావీ అదే కడుతోంది. కావాలంటే మీవీ కడుతుంది, కాళ్లు ఇటు పెట్టండి."

ఆయన కాగితాలు తిరగేశారు. "నిరుటి ప్రతిలోది అలాగే ఎక్కేసినట్టుందండీ."

"నిరుడు అంతకుముందుది ఎక్కిందా?"

"పిల్లలు ఎక్కువ, మేం తక్కువ మేడమ్. ఏం చెయ్యమంటారు?"

ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. పాత ప్రతి తీసి తేదీ మార్చడం వాళ్లకు అలవాటైపోయింది. అక్కడికక్కడే కలం చేతికిస్తే చదివేదెవరు? కలానికి మూత పెట్టి ఆయనకే తిరిగి ఇచ్చాను.

అదే సమయానికి మన రాష్ట్ర సభలో బిల్లు వచ్చింది. ఇలాంటి ప్రణాళికల ముసాయిదా వారం ముందే ఇంటికి పంపాలి, సమావేశంలో పిల్లకూ కుర్చీ వేయాలి అని. దాని మీద కమిటీ ముందు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చన్నారు. "నువ్వెళ్లి మాట్లాడు, దాన్ని మాత్రం తీసుకెళ్లకు. నలుగురి ముందు బొమ్మలా నిలబెట్టకు" అని రాశావు. సరేనని మాటిచ్చాను.

తీసుకెళ్లాను, సొలాంజ్. ఇన్ని వారాలు నీకు చెప్పలేదు.

ఆ రోజు పక్కింటావిడకు జ్వరం. అదే కారణమని రాయవచ్చు. జ్వరం నిజమే, కారణం అది కాదు. పిల్లకు కుర్చీ వేయండని అడగడానికి వెళుతూ, ఆ పిల్లనే ఇంట్లో వదిలి వెళ్లడం నాకు పొసగలేదు.

రాజధాని అగస్టాలో, కమిటీ ముందు ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. ఎర్రదీపం వెలగగానే నేను వాక్యం మధ్యలో ఆపేశాను. నియమం నియమమే. అధ్యక్షురాలు ఉత్తరాదిన బంగాళాదుంపలు పండించే పెద్దావిడ. ఆమె చూపు నా వెనుక కూర్చున్న డెల్ఫీన్ మీద పడింది.

"ఏమ్మా, నీకూ ఓ కుర్చీ వేస్తే ఏం చెప్తావ్?"

అడగవద్దని అనబోయాను. అప్పటికే డెల్ఫీన్, బొమ్మ నొక్కితే తన బదులు పలికే ఆ మాటల పలక ఒళ్లో పెట్టుకుంది. బొమ్మ తర్వాత బొమ్మ వెతుకుతుంటే ఎవరూ తొందరపెట్టలేదు. అంతమంది ఉన్న గదిలో ఆ పలక గొంతు పలికింది.

"లేసులు వచ్చు. ఉత్తరం రాదు. అమ్మకి."

పెద్దావిడ కళ్లద్దాలు తీసింది. "ఇది అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి" అంది గుమాస్తాతో. ఇంతలో పలక మళ్లీ పలికింది: "అమ్మమ్మా. ఆకలి." గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ డెల్ఫీనే నవ్వింది. దాన్ని ఎవరూ నిలబెట్టలేదు. కూర్చుని, చెప్పదలచుకున్నది చెప్పింది. అయినా నీకిచ్చిన మాట తప్పాను. కోపం వస్తే తిట్టు, తేదీ వేసి తిట్టు.

బిల్లు కమిటీ దాటింది. గవర్నరు సంతకం పడేవరకు చట్టమయిందని నేననను. కానీ క్రాస్బీ గారు చట్టం కోసం ఆగలేదు. కొత్త ముసాయిదా ముందుగానే ఇంటికి పంపారు. రెండు వాక్యాలు దిద్ది తీసుకెళ్లాను. బల్ల దగ్గర డెల్ఫీన్‌కు కుర్చీ వేసి ఉంది. మూడో తరగతిలోనే ఉంటుంది, తోడు కూడా ఉంటుంది. మొదటి లక్ష్యం: అమ్మకు సొంతంగా ఉత్తరం రాయడం. సంతకం పెట్టాను.

ఇట్లు,
మాట తప్పినందుకు విచారిస్తున్నా, తీసుకెళ్లినందుకు విచారించని
మీ అమ్మ, ఒడీల్

కిందిది డెల్ఫీన్ రాసింది. నేను చెయ్యి పట్టుకోలేదు, దిద్దలేదు.

అమ్మా
బూట్లు నేనే
ఇది నేనే