జీతగాడు యల్లయ్య విడుదల, దిగువపేట విడిపోవుట గురించి

తేది: 8-1-1990, సోమవారం

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

వంకమీదిపల్లె గ్రామము, దిగువపేట కాపురస్తుడు, ఉన్నత పాఠశాల సోషల్ మాస్టరు (ప్రస్తుతము సస్పెన్షనులో ఉన్నవాడు) ఆనందయ్య, వయసు 54, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తొమ్మిదవ తరగతికి అమెరికా అంతర్యుద్ధము పాఠము చెప్పిన పిమ్మట మా గ్రామములో జరిగిన యుద్ధము – వెట్టి జీతగాడు యల్లయ్యకు విడుదల పత్రము ఇప్పించుట – గురించి.

సూచిక: (అ) వెట్టిచాకిరీ రద్దు చట్టము, 1976. (ఆ) యల్లయ్య దరఖాస్తు, తేది 12-9-1988, జవాబు లేదు. (ఇ) నా తమ్ముడు ఎలీషా మరణ ధ్రువపత్రము.

పై విషయములో తమకు మనవి చేయునది:

1. నేను ఇరవై తొమ్మిది సంవత్సరముల సర్వీసు గలవాడను. 1988 ఆగస్టు నెలలో సిలబసు ప్రకారము పై పాఠము చెప్పితిని. దక్షిణాది రాష్ట్రములలో పత్తి తోటల యజమానులు నల్లజాతి మనుషులను కొని, అమ్మి, వారి కడుపున పుట్టిన పిల్లలను కూడ ఆస్తిలో కలుపుకొనిరనియు, ఈ బానిసత్వము కొత్త ప్రాంతములకు పాకరాదన్న పక్షము 1860లో ఎన్నిక గెలువగా పదకొండు రాష్ట్రములు మేము దేశము నుండి విడిపోతిమని ప్రకటించెననియు, దానిపై నాలుగేండ్లు యుద్ధము నడిచి ఆరు లక్షల మందికి పైగా చచ్చిరనియు చెప్పితిని. ఇందులో నా సొంత వాక్యము ఒక్కటి కూడ లేదు. సొంత వాక్యము చేర్చినది రామేశ్వరమ్మ అను విద్యార్థిని. ఆ పిల్ల లేచి నిలబడి అడిగినది:

"సార్, మా నాయన గూడా అట్లనే గదా ఉండాడు. మరి మనూర్లో యుద్ధం ఎందుకు రాల్యా?"

నేను "కూర్చో" అన్నాను. ఉపాధ్యాయునిగా నేను ఇచ్చిన జవాబు అంతే. అందుకు ఈనాటికీ సిగ్గుపడుచున్నాను.

2. తమరు ఈ జిల్లాకు కొత్తగా వచ్చినందున మా గ్రామ స్థితి కొంత తెలుపవలసి ఉన్నది. మా ఊరు ఇద్దరు అన్నదమ్ములది. పన్నెండేండ్ల కిందట భాగములు పంచుకొని విరోధులైనారు. అన్నగారు ఒక పార్టీ, తమ్ముడుగారు ఇంకొక పార్టీ. ఎన్నికలప్పుడు జెండాలు మారును, మనుషులు మారరు. వారి పేర్లు ఇందులో రాయలేదు. రాసినచో ఈ అర్జీ తమరు చదువక మునుపే వారు చదివెదరు. ఈ భయమునకు కారణము నాలుగవ పేరాలో ఉన్నది.

3. రామేశ్వరమ్మ తండ్రి యల్లయ్య అన్నగారి గొర్రెలు కాయును. ఆయన తండ్రి ఎప్పుడో చేసిన అప్పు కింద ఏడేండ్ల వయసున దొడ్డిలో చేరినాడు. ఆ అప్పు ఎంతో ఆయనకు తెలియదు, అడుగుటకు నోరు రాదు. పాఠము జరిగిన పక్షము దినములకు ఆయన బడి వెనుక కంచె దగ్గరకు వచ్చి నన్ను పిలిచినాడు.

"సారూ, మా పాప ఏందో సెప్పె. ఆ దేశంలో జీతగాళ్ళను ఇడిసిపెట్టల్లని సట్టం జేసినారంట గదా. మన దేశంలో అట్లాంటిది ఉండాదా?"

"ఉంది యల్లయ్యా. పన్నెండేండ్లయింది వచ్చి."

ఆయన "పన్నెండేండ్లా" అన్నాడు. ఆయనకు కోపము రాలేదు. వచ్చి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. సంతకము రాదు గనుక వేలిముద్ర వేసినాడు. దరఖాస్తు నేను రాసినాను.

4. సెప్టెంబరు 12న ఆ దరఖాస్తును ఒక కార్యాలయములో స్వయముగా ఇచ్చితిని. కార్యాలయము పేరు అడిగినచో తమ ఎదుట చెప్పగలను. 15న అన్నగారు నన్ను పిలిపించినారు. నా దస్తూరీతో, యల్లయ్య వేలిముద్రతో ఉన్న ఆ అసలు కాగితము ఆయన ఒడిలో ఉన్నది. మూడు దినములలో ఇరవై మైళ్ళు! ప్రభుత్వ కాగితము ఇంత వేగముగా నడుచుట నా సర్వీసులో ఎరుగను.

"ఏం ఆనందయ్యా, పిల్లోళ్ళకు సదువు జెప్పమని సర్కారు నీకు జీతమిస్తాంటే, నువ్వు నా ఇంటి మనిషికి సట్టం జెప్తాండావంట?"

"ఆయన అడిగినాడు, రాసిచ్చినాను."

"వాడడిగేదేంది? వాని నాయన అడగల్యా, ఇన్నేండ్లు వాడూ అడగల్యా. నువ్వు పాఠం జెప్పినంకనే అడిగినాడు."

ఇది నిజము. ఈ నేరము నేను ఒప్పుకొనుచున్నాను.

5. ఈ సంగతి తమ్ముడుగారికి తెలిసినది. అన్న ఇంటి మనిషిని లాగుట కన్నా అన్నకు పెద్ద అవమానము లేదు గనుక, ఆయన పట్టపగలు జీపులో వచ్చి యల్లయ్యను, భార్యను, కూతురిని ఎక్కించుకొని పోయినాడు. పులివెందుల నుండి ఫోటోగ్రాఫరును పిలిపించి, యల్లయ్య మెడలో పూలదండ వేసి, "నా ఊర్లో ఇంగ బానిస అనేటోడు ఉండగూడదు" అని ప్రకటించినాడు. మరునాటి నుండి యల్లయ్య తమ్ముడుగారి గొర్రెలు కాసినాడు. తమ్ముడుగారి కళ్ళంలో, చీనీ (బత్తాయి) తోటలో ఉండే పదకొండు మంది జీతగాళ్ళు పూలదండను చూసి, పని మీదికి పోయినారు.

ఆ వారము రామేశ్వరమ్మ క్లాసులో మళ్ళీ లేచినది. "సార్, ఆ పదకొండు మంది?"

ఈసారి కూర్చోమనలేదు. పాఠ్యపుస్తకములో లేని మాట మొట్టమొదటిసారి అప్పుడు చెప్పితిని: అమెరికాలో 1863 నాటి విడుదల ప్రకటన కూడ తిరగబడిన రాష్ట్రముల బానిసలకే వర్తించెననియు, ప్రభుత్వము పక్షాన నిలిచిన రాష్ట్రములలోని బానిసలకు వర్తించలేదనియు, వారు ఇంకొక రెండేండ్లు ఆగవలసి వచ్చెననియు. నా మీద వచ్చిన మెమోలో "సిలబసు దాటి" అన్నది ఈ మాటనే. చరిత్ర ప్రకారము అది తప్పు కాదని ఎవరినైనా అడిగి తెలుసుకొనగలరు.

6. ఇక విడిపోవుట గురించి. మా దిగువపేటలో అరవై రెండు ఇండ్లు. మా తాతల కాలమున మిషను వారి వలన క్రైస్తవులమైతిమి, చదువుకొంటిమి. కాని ఓటు మాత్రము మేము వేయలేదు. పెట్టె ఊరిలో, అన్నగారి అరుగు ముందు ఉండును. మేము పోవునప్పటికి మా ఓటు పడి ఉండును. నా తమ్ముడు ఎలీషా సింహాద్రిపురం బస్టాండులో బట్టలు కుట్టుకొనువాడు, మా మిషను గుడిలో పాట ఎత్తుకొనువాడు. యల్లయ్య బయటికి వచ్చుట చూసి వాడికి ధైర్యము వచ్చినది. పేటను విడి పంచాయతీ చేయమని అర్జీ రాసి ఇంటింటికి తిప్పినాడు.

నేను అడ్డుపడినాను. "ఒద్దు ఎలీషా. పుస్తకంలో విడిపోతామన్నప్పుడే తుపాకి పేలింది."

"ఆడ విడిపోయినోళ్ళు బానిసల్ని పెట్టుకున్నోళ్ళు గదన్నా. ఈడ విడిపోతామనేది మనం."

బి.ఏ., బి.ఇడి. చదివిన నేను నా కలము తీసి వాడికి ఇచ్చితిని. మొదటి సంతకము వాడు పెట్టినాడు. రెండవది నేను పెట్టితిని.

7. యుద్ధము నడిచిన విధము. పేటను విడదీయుట తమ్ముడుగారి ఎత్తు అని అన్నగారు నమ్మినారు. తమ్ముడుగారు అది తన ఎత్తు కాకపోయినా తనదే అని చెప్పుకొన్నారు. 1989 జనవరిలో అన్నగారి మనుషులు తమ్ముడుగారి చీనీ చెట్లు రెండు వందల నలభై నరికినారు. కాపు మీద ఉన్న చెట్లు. ఫిబ్రవరిలో అన్నగారి గడ్డివాములు కాలినవి. తొండూరు నుండి వచ్చు బస్సు మా ఊరి మలుపు దగ్గరే తిరిగిపోవుచుండెను. అన్నగారి జీపు మీద బాంబు పడి డ్రైవరు వలి బాషా కుడి చేయి పోయినది. అతనికి ఏ పార్టీ లేదు, అతనికి ఉన్నది డ్రైవింగు లైసెన్సు.

మార్చి 19, ఈస్టరుకు ముందు వచ్చు మట్టల ఆదివారము. ఆరాధన ముగిసినది, ఉదయము పదకొండు గంటలు. ఎలీషా పాట పాడుచు, చేతిలో ఈతమట్టతో, అందరికన్నా ముందు గుడి మెట్లు దిగినాడు. అన్నగారి మనుషులు రెండు బాంబులు వేసినారు. మొదటిది పేలలేదు. ఎడ్లబండిలో ముద్దనూరు వరకు, అక్కడ నుండి లారీలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకొనిపోతిమి. లారీలో నా చేయి పట్టుకొని "అన్నా, గొంతు ఆరిపోతాంది" అన్నాడు. ఆ డ్రైవరు దగ్గర నీళ్ళు ఉండినవి. కడుపు గాయానికి నీళ్ళు ఇవ్వరాదని నేను ఎక్కడో చదివినాను. ఇవ్వలేదు. ఆసుపత్రి గేటులో చనిపోయినాడు. నాకు చదువు ఎందుకు చెప్పించినారో నాకు తెలియదు సార్.

ఈ పేరా కొట్టివేయవలెనని అనుకొన్నాను. కొట్టివేయలేదు.

8. పోలీసు వారు రెండు పార్టీల మీద కేసు కట్టినారు. రెండవ పార్టీ కింద రాసినది తమ్ముడుగారి మనుషులను కాదు, పేట వారిని. అందులో ముద్దాయి నంబరు 1 నేను, "గ్రామములో అంతర్యుద్ధమునకు పాఠము చెప్పినవాడు". నంబరు 2 యల్లయ్య. నంబరు 3 ఎలీషా, "పరారీలో ఉన్నాడు". నా తమ్ముడు పరారీలో లేడు, గుడి వెనుక ఉన్నాడు, వచ్చి చూడవచ్చునని రాసి ఇచ్చితిని. ధ్రువపత్రము జత చేయలేదని తిప్పి పంపినారు. జత చేసితిని. అందలేదన్నారు. ఇందుతో నాలుగవ నకలు జత చేయుచున్నాను.

9. గత అక్టోబరులో, ఎన్నికలకు నెల ముందర, అన్నదమ్ములు ప్రొద్దుటూరులో ఒక లాడ్జిలో కూర్చొని రాజీ అయినారు. ఇద్దరూ ఒకే పార్టీ అయినారు. షరతులు అమీర్ బాషా అను టీ తెచ్చిన మనిషి విని నాకు చెప్పినాడు. నరికిన చెట్లకు కాలిన వాములు చెల్లు. కేసుల్లో ఒకరి మీద ఒకరు సాక్ష్యము చెప్పరాదు. పేట విడి పంచాయతీ మాట ఎత్తరాదు. యల్లయ్యను అన్నగారికి తిరిగి అప్పగించవలెను. పని చేయక పోయిన ఏడాదికి బదులుగా అతని కూతురు దొడ్డిలో పని చేయవలెను.

చెట్ల లెక్క తేలినది. వలి బాషా చేయి, నా తమ్ముడు, ఆ లెక్కలో రాలేదు.

తమ్ముడుగారు అదే జీపులో యల్లయ్యను తెచ్చి అన్నగారి వాకిట దించినారు. మరునాడు నేను ఆయనను చూడబోతిని. గొర్రెల నడుమ నిలబడి ఉన్నాడు.

"మల్ల తోలిరి సారూ. నాదేముందిలే, అలవాటే. పాపను బడి మాన్పించినారు సారూ. పేడ ఎత్తిపిస్తాండారు. అది నా మొగం సూడల్యా. దానికి నేనేం జెప్పల్ల?"

యుద్ధము ముగిసినదని ఊరిలో అందరూ సంతోషముగా ఉన్నారు. ఎన్నికలు శాంతియుతముగా జరిగెనని పత్రికలో వచ్చినది.

10. కావున తమరిని కోరుకొనునది. నా సస్పెన్షను గురించి కాదు, అది తమకు వీలైనప్పుడు చూడవచ్చును. యల్లయ్య వెట్టి జీతగాడని విచారించి చట్టప్రకారము విడుదల పత్రము ఇప్పించవలెను. రామేశ్వరమ్మ పదవ తరగతి పరీక్ష ఈ మార్చిలో ఉన్నది, పరీక్ష ఫీజు నేను కట్టినాను, హాలుటికెట్టు ఇప్పించి, వేరే ఊరిలో హాస్టలు ఇప్పించవలెను. తమ్ముడుగారి పదకొండు మందిని కూడ విచారించవలెను, లేనిచో ఇది మళ్ళీ ఒక పార్టీ పని అగును. నా తమ్ముడిని పరారీ నుండి తప్పించి మృతుడని రాయించవలెను.

తమరు దయతో చిత్తగించవలెను. దయ లేకున్నను, చట్టము ఉన్నది గనుక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆనందయ్య
(ముద్దాయి నంబరు 1)

తాజా కలం: ఈ అర్జీ తపాలాలో వేయలేదు. నేను స్వయముగా రావలసినది, కాని నా బెయిలు షరతు ప్రకారము సోమవారము నాడు స్టేషనులో సంతకము పెట్టవలెను. అందుచేత తమకు ఈ కాగితము ఇచ్చిన మనిషి, తలగుడ్డ చేతిలో పట్టుకొని ఇప్పుడు తమ బల్ల ముందు ఉన్న మనిషి, యల్లయ్యే. పక్కన ఉన్నది రామేశ్వరమ్మ. తెల్లవారుజామున గొర్రెలను కొండలో వదిలి, ముద్దనూరు వరకు నడిచి, రైలెక్కి వచ్చినారు. గొర్రెలను వదిలినవాడు తిరిగి మా ఊరికి పోలేడు. ఆ సంగతి తెలిసే వదిలినాడు. కడపలో ఆయనకు తెలిసినవారు ఎవరూ లేరు, తమరు తప్ప. తమరు కూడ ఈ కాగితము వలననే.

ఆయన భార్యను నిన్ననే కమలాపురంలో మా చెల్లెలి ఇంటికి చేర్చినాను. ఇది ఎవరికీ చెప్పకండి.

ఇంకొక్క మాట సార్. ఆయనను కూర్చోమనండి. ఆయన ఇంతవరకు ఎవరి ముందరా కుర్చీలో కూర్చున్నవాడు కాడు. ఒకసారి చెబితే తనను కాదనుకొని వెనక్కి తిరిగి చూస్తాడు. పేరు పెట్టి, రెండోసారి చెప్పండి.