నాలుగో మంచం చార్టు

మంగళవారం, రాత్రి

ఇవాళ కూడా రెండు డ్యూటీలూ నేనే చేశాను. ఇంటెన్సివ్ కేర్ వార్డులో నాలుగో మంచం మీది బందరు చేపలాయన మూడింటికి పోయాడు. మొహం మీద దుప్పటి కప్పింది నేనే. వరండాలో కూర్చున్న భార్యకి చెప్పిందీ నేనే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, నాలుగింటికి అందరి నాడీ చూడాలని గుర్తొచ్చింది.

నాలుగింటికి ఆరు మంచాల చార్టులూ నింపేశాను. నిన్నటినుంచి ఇంటికి వెళ్ళని డాక్టరుగారు అన్నిటి కిందా సంతకం పెట్టారు.

"సిస్టరుగారూ, నాలుగో మంచం ఖాళీ కదండీ, చార్టు ఇంకా తగిలించే ఉంచారేం?" అంది ఆయా మరియమ్మ.

వెళ్ళి చూశాను. నాలుగు గంటలకి నాడి ఎనభై అని నా చేతి రాతే. డాక్టరుగారు తిట్టలేదు. "కొట్టేయండి సిస్టర్," అని కళ్ళు మూసుకున్నారు. కొట్టేశాను.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. పిల్లకి జడ విప్పాను. భయం వేయాలి కదా, వేయడం లేదు. మిగతా అయిదుగురి నాడీ నిజంగా చూశానా? ఎంత తలుచుకున్నా వాళ్ళలో ఒక్కరి చెయ్యీ పట్టుకున్నట్టు గుర్తు రావడం లేదు. గుర్తున్నది ఆవిడ చెయ్యి ఒక్కటే.