చీలిక కనబడని దూలం

1974 ఫిబ్రవరి 10, ఆదివారం

కూడికలో మళ్లీ అదే సాక్ష్యం చెప్పాను. ఈ పాత కారుకి డీజిల్ ఇంజన్ ఎక్కించి ఆరేళ్లు. ఒక్కసారైనా దారిలో ఆగిందా? కాపాడింది మెకానిక్కు కాదు, బయలుదేరే ముందు బానెట్టు మీద మనం పెట్టే చేతులు, మనం చేసే ప్రార్థన! గొంతు బొంగురుపోయింది. హల్లెలూయాలకి రేకుల కప్పు అదిరింది.

బయటికొస్తే గుడివాడ టాక్సీ వార్త. నా బండి లాంటిదే, అదే ఇంజన్. ముందు చక్రాల మధ్య ఇంజన్ని మోసే దూలం విరిగి కాలవలోకి పోయింది. డ్రైవరు ఈదుకుని వచ్చాడు. వెనక కూర్చున్న ముసలాయన రాలేదు.

ఫిబ్రవరి 11

ఆటోనగర్. మెకానిక్కు మస్తాన్ నా బండి కిందకి దూరి చాలాసేపు బయటికి రాలేదు.

"ఏం కనబడట్లేదండి అయ్యగారూ. కానీ ఈ బండ్లకి పోతే అక్కడే పోద్ది. పెట్రోలు ఇంజన్ కోసం పుట్టిన దూలమండి అది. దాని మీద ఈ బరువు, ఈ దడ..."

ఎప్పుడు పోతుంది?

"రేపే పోవచ్చు. మీ తర్వాత కూడా ఉండొచ్చు. ఇంజన్ దించితే గాని పైభాగం కనబడదు. దించి, ఇనప పట్టీలు అతికిస్తే బెంగుండదు. పది రోజులు బండి నాకొదిలెయ్యాలి."

ఫిబ్రవరి 12

పది రోజులు... పందొమ్మిది, మంగళవారం, ఆసుపత్రిలో మందుల రోజు, రెండు వారాలకోసారి. ఏటి లంకలో నా వాళ్లు ఆరుగురు. కుష్ఠు అని తెలిస్తే బస్సు ఎక్కనివ్వరు. టాక్సీవాడు దగ్గరికే రానివ్వడు. నా బండి ఆగితే వాళ్ల మాత్రలు ఆగుతాయి.

ఫిబ్రవరి 15

సంఘపెద్ద దేవసహాయం గారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "ఏం బ్రదర్, ఆదివారం దేవుడు, సోమవారం మస్తానా?" నవ్వుతూనే అన్నారు. ఒళ్లు మండింది. తాయెత్తులు కట్టుకున్నవాళ్లని పేరుపెట్టి మరీ దులిపినవాణ్ణి నేను. అవిశ్వాసమని ఉరిమినవాణ్ణి.

భోజనం దగ్గర కరుణ — "మబ్బు పడితే గొడుగు పట్టుకెళ్తారు కదండీ. అప్పుడు విశ్వాసం ఎక్కడ పెడతారు, చంకలోనా?"

ముప్ఫై ఏళ్ల కాపురం. అన్నం సగంలో లేచాను.

ఫిబ్రవరి 19

తీసుకెళ్లాను. వేళ్లరిగిన చేతులు ఆరు జతలు బానెట్టు మీద. సంతోషమ్మ ప్రార్థన చేసింది, పొడవైన ప్రార్థన. కాలవగట్టు మీద పాట వాళ్లే ఎత్తారు, వాళ్లే పాడారు. నా చెవులు ముందు చక్రాల దగ్గరే. గుంట పడ్డప్పుడల్లా పళ్లు బిగించాను. నీళ్ల వైపు చూడలేదు.

ఆసుపత్రి వరండాలో సంతోషమ్మ చిన్న అద్దం పెట్టుకుని, మొద్దుబారిన అరికాళ్లు చూసుకుంటోంది. ఏమన్నా గుచ్చుకుందా అమ్మా, అన్నాను.

"గుచ్చుకుంటే నాకేం తెలుసుద్దండీ అయ్యగారూ? తెలీదు కాబట్టే పొద్దుగూకితే చూసుకోడం. నొప్పి పుట్టాక చూద్దామనుకుంటే కాలే మిగలదు!" పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 20

మోషే ధర్మశాస్త్రం తీశాను. పొడిచే ఎద్దు సంగతి. అది పొడుస్తుందని యజమానికి ముందే చెప్పారు. వాడు కట్టెయ్యలేదు. అది మనిషిని చంపింది — అప్పుడు పోవలసింది ఎద్దు ఒక్కటే కాదు, యజమాని కూడా.

ముందే చెప్పారు. నాకూ చెప్పారు. ఇన్నేళ్లూ ఎద్దుల గురించే అనుకుంటూ చదివాను!

ఫిబ్రవరి 22

బండి ఇచ్చేశాను. మార్చి అయిదు మంగళవారానికి అందిస్తానని మస్తాన్ మాట.

ఫిబ్రవరి 24, ఆదివారం

కారేదండీ అని అడిగారు. షెడ్డులో ఉందన్నాను. ఎందుకో చెప్పలేదు. అందరి ముందూ నిలబడి చెప్పాల్సిన మాట అది. గొంతు బాగోలేదని చెప్పి ప్రసంగం దేవసహాయం గారికి అప్పగించాను. గొంతు బాగానే ఉంది.

మార్చి 4

ఇంజన్ ఎత్తే గొలుసు కప్పీ ఇన్నాళ్లూ దొరకలేదట. ఇవాళ దించుతున్నాడట. రేపు మందుల రోజు.

మార్చి 5

కంకిపాడులో బందరు బస్సు. నేను ముందెక్కి ఏడు టిక్కెట్లు అడిగాను. కండక్టరు సంతోషమ్మ చేతులు చూశాడు.

"మీరు రండి గురువుగారూ. వాళ్లని దించండి."

వాళ్లు దిగితే నేనూ దిగుతానన్నాను. అరిచాను. వాక్యం ఎత్తి మరీ అరిచాను.

"దిగండి మరి."

వెనక సీటులోంచి — "బోధ తర్వాతయ్యా, నాకు బందరులో వాయిదా ఉంది!" బస్సంతా నవ్వింది.

ఆసుపత్రి బందరు దారిలోనే, ఏడు మైళ్లు; కాలవగట్టు వెంబడి నడిచాం. ముగ్గురు సగం దారిలో వెనక్కి తిరిగారు. సంతోషమ్మ పట్టుబట్టి నడిచింది. ధైర్యం చెప్పాలి కదా... దారి పొడుగునా వాక్యం చెబుతూనే ఉన్నాను.

ఆసుపత్రి వరండాలో కూర్చుని అద్దం తీసింది. చెప్పు విప్పింది. చెప్పు అడుగున మేకు పైకి లేచి ఉంది. చెప్పంతా రక్తం.

"నాకేం తెలీలేదండి అయ్యగారూ." నన్నే ఓదారుస్తున్నట్టు అంది.

పక్కనే నడిచాను. కిందకి చూడలేదు.

అక్కడే ఉంచుకున్నారు. కాలు సంగతి వారం పోతేగాని చెప్పలేమన్నారు.

మార్చి 6

మస్తాన్ షెడ్డు. మడ్డి గీకి, కిరసనాయిలు పోసి కడిగి చూశాడట. "ఎక్కడా చీలిక లేదండి. దూలం గట్టిగా ఉంది. ఇప్పుడేం చెయ్యమంటారు? పట్టీలు చేయించి వేస్తే పందొమ్మిదో తారీకు, మీ మందుల రోజు, దాటుద్ది. ఉన్నదున్నట్టు ఇంజన్ పెట్టేస్తే ఈ శనివారానికి బండి మీ గుమ్మంలో ఉంటది."

ఉన్నదున్నట్టు పెడితే ఎన్నాళ్లుంటుంది?

"మొదటే చెప్పాను కదండీ."

షెడ్డు బయట దేవసహాయం గారు. చీలిక లేదని ఆయనకి నాకంటే ముందే తెలిసింది. "ఇన్నాళ్లూ కాపాడినవాడు కాపాడుతూనే ఉన్నాడు. మధ్యలో మీరెందుకు బ్రదర్..." ఈసారి నవ్వలేదు.

స్తోత్రం చెప్పాలి. మస్తాన్ అటు తిరిగినప్పుడు ఒంగి, ఆ దూలం మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాను. ఏమీ తగల్లేదు. ఒక్క వెంట్రుకంత చీలిక. అంతే చాలు. అది ఉంటే బాగుండునని... అనుకున్నది నేనే.

పట్టీలా, ఉన్నదున్నట్టా — పొద్దున్నే కబురు చెయ్యమన్నాడు మస్తాన్.