చంద్రుడికి బదులు శంకరవ్వ ట్యాంకు

కైనాత్ అబ్బా,

చిన్నోడికి దగ్గు తగ్గలే. మంచిర్యాలల పిల్లల డాక్టరుకు చూపించనీకి పోతున్న. జ్వరం లేదు, పరేషాన్ కాకండి. అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి. కైనాత్ పక్కింటి శంకరవ్వ దగ్గర ఆడుకుంటుంది.

టెలిస్కోపును రేపు సైన్సు సారుకు తిరిగి ఇచ్చేస్తానని సంచిలో సర్దేశారు కదా, ఇవ్వకండి. అది చెడిపోలేదు. నిన్న మీరు దాని మీటల మీద తారీఖు మనం రాసినట్టే ఏడు, పన్నెండు అని కొట్టారు. దానికి నెల ముందు, తారీఖు తర్వాత చెప్పాలట. డిసెంబరు ఏడును జూలై పన్నెండు అనుకొని, దానంతట అదే తిరిగి చంద్రుడిని శంకరవ్వ ట్యాంకు దిక్కు వెతికింది. పొద్దటి నుంచి దాని పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ కనిపెట్టిన. నా ఏడో తరగతి చదువు ఇప్పటికి పనికొచ్చింది.

"ఏంది యూనుస్, చంద్రుడు మా ట్యాంకిల తానం చేస్తుండా బిడ్డా?" అని శంకరవ్వ అంటే గల్లీ అంతా నవ్వింది, నిజమే. దానికి మీరు తినకుండా పడుకుంటే నాకూ ముద్ద దిగలేదు. ఈరోజు అందరికంటే ముందు శంకరవ్వకే చూపించండి.

పొద్దు పూర్తిగా గుంకినాకనే బయటికి తీయండి. ఎండ ఉండంగ కైనాత్ అందులో కన్ను పెడితే చూపు పోతుంది. నా మీద ఒట్టు.

తహసీన్

ఇంకొకటి. ఎప్పుడు చూసినా పిల్లాడు చంకలోనే ఉండె, నేను ఇంతవరకు అందులో ఒక్కసారి కూడా చూడలేదు. ఏడున్నర బస్సుకు వస్తా. వాణ్ణి కాసేపు మీరు ఎత్తుకోండి.