మంచి మాట ఒక్కటి

అమలక్కా,

నిన్న పామర్రు చర్చిలో మా ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక అయింది. ఏడ్చానా అని అడిగావు. లేదక్కా, ఇంకా ఏమీ అనిపించడం లేదు.

మరిది స్టీఫెన్ మైకిచ్చి రెండు మాటలు చెప్పమన్నాడు. మైకు తిరిగి ఇచ్చెయ్యబోయాను. "పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలని పూర్వం రోమన్లు అనేవాళ్లంట వదినా. మంచి మాట ఒక్కటి చెప్పండి, చాలు," అన్నాడు మెల్లగా.

ఇరవై రెండేళ్ల కాపురమంతా వెతికాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

"మా అమ్మాయి వినీల మీద ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదండీ," అన్నాను.

స్టీఫెన్ తలదించుకుని మైకు తీసుకున్నాడు. భోజనాలప్పుడు మా అత్తగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. విరిగి అతికిన నా మణికట్టును తన ఒళ్లో పెట్టుకుని, అందరూ వెళ్లేదాకా నిమురుతూనే ఉన్నారు.

వీలైతే ఆదివారం రా.

నీ చెల్లెలు