మల్లిగాని గ్రామఫోను ప్లేటు

అన్నా,

ఇయ్యాల్టికి నువ్వు సచ్చిపోయి యాడాది. నీ సమాధి మీద కల్లు పోసిన. సగం నేనే తాగిన, కోపం జెయ్యకు.

నీ కొడుకు మల్లిగాని ప్లేటు వచ్చింది. దరువులన్నీ వాడే కట్టిండు, తోటోళ్ల డప్పులను వాడే నడిపిండు. నిన్న డప్పు సంకకేసుకున్న మల్లిగాన్ని ఎంటబెట్టుకొని పొయ్యి, కల్వకుర్తి హోటల్ల సేటును బతిమాలి పెట్టిచ్చిన. అందరు చాయ్ మర్చిపోయి ఇన్నరు.

గప్పుడే దొర గుమస్తా వచ్చిండు. దొరింట్ల పెండ్లికి వెట్టికి డప్పు కొట్టనన్నవని రోకలితోని నీ చేతి ఏళ్లు నలగ్గొట్టినోడే. "మీ డప్పు హోటల్లకు గూడ వచ్చిందారా?" అనుకుంట ప్లేటు గుంజి కంబానికేసి పగలగొట్టిండు.

కాగుతున్న చాయ్ వాని మొకాన పోసిన. వాడు గుద్దితే నా ముందటి పన్ను ఊడింది. మల్లిగాడు సోడా సీసతోని వాని నెత్తి పగలగొట్టిండు.

"చిన్నాయినా, నువ్వు వీన్ని పట్టుకో. ప్లేటు పోతే నేను లేనా?" అన్నడు.

హోటల్ పొయ్యి కాడ డప్పు కాపి, ప్లేటు మొత్తం కొట్టిండు. ఒక దిక్కు అయినంక, ప్లేటు తిప్పినట్టు జర ఆగి, రెండో దిక్కు గూడ కొట్టిండు.

గుమస్తా నెత్తురు కారుకుంటనే కడదాక ఇన్నడు. ఇనకేంజేస్తడు, రొమ్ము మీద నేను కూసున్న. నువ్వుంటే గా జాగ నీకే ఇద్దును.